మడ్‌గార్డు మీద సొట్ట

మా కోళ్ళగూటికి కప్పు ఒక లారీ మడ్‌గార్డు. ముందు ఎడమ చక్రం మీదది. దాని నడుమ ఒక సొట్ట ఉంది, చిన్న గుమ్మడికాయ పట్టేంత. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూడగానే సలహా చెప్పాలనిపిస్తుంది. "సారమ్మగారూ, ఆ రేకు కమ్మరికిచ్చి సాపు చేయించకూడదా అండీ? వాననీళ్ళు నిలుస్తున్నాయి" అంటారు. నాది ముక్కుమీద కోపమని ఊరందరికీ తెలుసు, అయినా అంటారు. వెనకటికి ఆ సొట్ట సాపు చేయించినందుకు కట్టుకున్న మొగుడితోనే మాటలు మానేశాను. ఇక వీళ్ళ సంగతి చెప్పాలా?

మా ఆయన సీమోను మిషను దొరగారి లారీకి డ్రైవరు. మా ఊరు ఏలూరుకి దక్షిణాన కొల్లేటి ఒడ్డున ఉంటుంది. ఊరి చివర మిషను ఆసుపత్రి, దాని వెనక షెడ్డు, షెడ్డులో ఆకుపచ్చ లారీ. ఆ రోజుల్లో మా మట్టిరోడ్డు మీద ఎడ్లబళ్ళు తప్ప తిరిగే మోటారు అదొక్కటే. మందుల పెట్టెలు, జ్వరాలవాళ్ళు, పురుడు కష్టమైన ఆడవాళ్ళు, క్రిస్మసు పాటలకి బయల్దేరిన పిల్లమూక, అందరూ ఎక్కేది దాని వెనక పెట్టెలోనే. హారను వినబడితే వంట మధ్యలో వదిలేసి మరీ గుమ్మంలోకొచ్చి చూసేవాళ్ళం. ఇప్పుడు రోడ్డు నిండా లారీలే, తల తిప్పి చూసే దిక్కు లేదు.

నా పుట్టిల్లు కొల్లేటికోట, చుట్టూ నీళ్ళున్న లంక. మా నాన్న అహరోను పడవలు కట్టేవాడు. పెళ్ళినాడు నన్ను తన పడవలో కూర్చోబెట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చాడు. ఒడ్డున ఆకుపచ్చ లారీ కాచుకుని ఉంది. తోలడం ఇంకెవరికీ రాదు గనక పెళ్ళికొడుకే డ్రైవరు. పెళ్ళికూతురూ పేరంటాళ్ళూ వెనక పెట్టెలో. ఏలూరు చర్చికి వెళుతుంటే మూడో మైలురాయి మలుపులో గాలికి నా తలమీది తెల్లముసుగు ఎగిరి మా మేనత్త మొహానికి చుట్టుకుంది. ఆవిడ ముసుగులోంచే కేకలు. నేను పెళ్ళికూతుర్నన్న సంగతి మరిచిపోయి పగలబడి నవ్వాను. ఆ నవ్వు విని ఆయన వెనక్కి తిరిగి చూశారు. లారీ తిన్నగా వెళ్ళి మైలురాయిని గుద్దింది.

ఆ సొట్ట అదే. దొరగారు అడిగితే ఎద్దు అడ్డొచ్చిందని చెప్పారట. "నేను ఎద్దునా అండీ?" అని ఏడాదిపాటు ఆయన్ని ఏడిపించాను.

తరవాత మంచిరోజులు ఆగిపోయాయి. దొరగారు వయసు మీద పడి వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఆసుపత్రిని మరో ఊరికి మార్చేశారు. పోతూ పోతూ దొరగారు లారీ తాళం మా ఆయన చేతిలో పెట్టి, "నీదే, సీమోనూ" అన్నారు. ఆ ఏడే కొల్లేరు పొంగి షెడ్డులోకి నీళ్ళొచ్చాయి. మా ఆయన ముందుచూపుతో ఇంజను విప్పి ఎడ్లబండి మీద ఇంటికి చేర్చారు. అరుగు మీద దానికి గోనెలు కప్పి నూనె గుడ్డలు చుట్టి, చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఇంజను బతికింది. మిగతాది నీళ్ళలో నానింది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే వెనక పెట్టె అడుగు రేకు జల్లెడైపోయింది, చెక్కలు చెదలకి పనికిరానంత పుచ్చిపోయాయి. మడ్‌గార్డుల మీద వేలు పెట్టి నొక్కితే వేలు అటువైపు బయటికొచ్చింది.

చేతిలో పని లేదు. అప్పుడే జోగారావు మేస్త్రీ ఊళ్ళోకి దిగాడు. రంగూను బియ్యం మిల్లులకి మనుషుల్ని పోగుచేసి కాకినాడలో ఓడెక్కించడం అతని పని. రంగూను అన్నమాట వింటేనే నాకు పడదు. మా అన్న ప్రభుదాసు అలాగే వెళ్ళాడు. మళ్ళీ వచ్చే ఏడు వస్తానని చెప్పిన మనిషి రాలేదు, కబురూ లేదు. అక్కడ మనవాళ్ళ మీద గొడవలు జరిగాయని విన్నాక మా అమ్మ మరియమ్మ ప్రార్థనలో వాడి పేరు పైకి అనడం కూడా మానేసింది. వింటే నేను ఏడుస్తానని.

"ఏవండీ, మీరు వెళితే నేను బతకను" అని మా ఆయనతో ఉన్నమాట చెప్పేశాను. నాకు డొంకతిరుగుడు చేతకాదు.

ఆయన, "లారీ బాగుచేద్దాం, సారా. తొలకరికి మేస్త్రీ మళ్ళీ వస్తాడు. ఈలోగా బండి రోడ్డెక్కి కిరాయి దొరికిందా, ఉంటాను. లేదంటే నన్ను ఆపకు" అన్నారు. సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

ఆ వేసవంతా తుప్పుతోనే సరిపోయింది. కిరసనాయిలు పూసి నానబెట్టడం, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో రుద్దడం, కడగడం, మళ్ళీ పూయడం. నా అరచేతులు గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడ్డాయి. నేను వండిన అన్నం కిరసనాయిలు కంపు కొడుతోందని మా ఆయన ఒక్కరోజూ అనలేదు. అది ఆయన మంచితనమో, ఆయనకీ ముక్కు చెడిపోయిందో తెలియదు. ఒకరోజు ఎడమ మడ్‌గార్డు రుద్దుతుంటే సొట్ట లోపల పాత ఆకుపచ్చరంగు బయటపడింది. లారీ మొత్తం మీద రంగు నిలిచింది అక్కడొక్కచోటే. దాన్ని చూసి కొబ్బరిపీచు కింద పడేసి అక్కడే కూర్చుండిపోయాను.

రుద్దిన మడ్‌గార్డుల్ని ఏలూరులో వీర్రాజు కొలిమికి పట్టుకెళ్ళాం. చిల్లులున్నచోట కిరసనాయిలు డబ్బాల రేకు కత్తిరించి అతుకు వేసి, రివిట్లు కొట్టాలి.

"అన్నీ సరిచెయ్యండి గానీ, ఈ సొట్ట జోలికి వెళ్ళకండి" అని వీర్రాజుకి మరీ మరీ చెప్పాను.

"సొట్టతో మీకేం పనమ్మా?" అన్నాడు అతను. మా ఆయన నేల చూపులు చూశారు.

ఇక వెనక పెట్టె. దానికి కొత్త చెక్క కొనే తాహతు మాకు లేదు. నేను కొల్లేటికోట వెళ్ళి నాన్నని అడిగాను. నాన్న వెళ్ళి, గట్టున బోర్లించి ఉన్న తన పాత పడవ పక్కన నిలబడ్డాడు. నన్ను పెళ్ళికి తీసుకెళ్ళిన పడవ అది. కాసేపు దాని వీపు నిమిరి, ఉలి తీసుకుని పలకలు ఊడదీయడం మొదలుపెట్టాడు. అమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను ఊడిన పలకలన్నీ ఒక్కొక్కటే మోసి గట్టున పేర్చాను.

మేము ఆ పలకలతో ఒడ్డుకొచ్చేసరికి మడ్‌గార్డులు కొలిమి నుంచి వచ్చేసి ఉన్నాయి. ఎడమది నున్నగా ఉంది. సొట్ట లేదు, అందులోని ఆకుపచ్చా లేదు.

"మోటారు ఇన్‌స్పెక్టరు బండి పరీక్షలో వంక పెడతాడేమోనని సాపు చేయించాను" అన్నారు మా ఆయన.

నాకు ఆ మాటలో ఇన్‌స్పెక్టరు కనబడలేదు. ఈ మనిషి మనసులో అప్పుడే ఓడెక్కేశాడు, పోయేవాడు సర్దినట్టు అన్నీ తుడిచిపెట్టుకుంటున్నాడు అనిపించింది. ఆ మాటే మొహాన అనేసి మాట్లాడటం మానేశాను. అన్నం కంచం ముందు పెట్టడం, గ్లాసు పక్కన పెట్టడం, అంతే.

మా ఆయన ఇంజను బిగించుకోవడంలో పడ్డారు. వెనక పెట్టె సంగతి నాన్నకి వదిలేశారు. నాన్న జీవితంలో కట్టినవన్నీ పడవలే. పలకకి పలక చేర్చి, సందుల్లో జనపనార కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. అడుగూ, నాలుగు పక్కలూ కట్టి, మూలల్లో మేకు దిగిన ప్రతిచోటా గుగ్గిలం మెత్తాడు. పని అయిపోయాక బిందెడు నీళ్ళు పోసి, కిందికి వంగి చూసి, "ఒక్క చుక్క కారదు" అన్నాడు. ఎంత సంబరమో ఆ మొహంలో.

మా ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూశారు. "మావయ్యగారూ, వెనకవైపు తలుపేదండీ? సామాను ఎక్కించడం, దించడం ఎలాగ?"

"పడవకి తలుపుంటుందా అల్లుడుగారూ?" అన్నాడు నాన్న.

మా ఆయన నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టారు. తలుపు కోయాలంటే పని మొదటికొస్తుంది, తొలకరి ముంచుకొస్తోంది. బస్తాలు పక్కల మీంచే ఎత్తి వేసుకోవచ్చులే అనుకున్నారు. లారీకి మళ్ళీ ఆకుపచ్చరంగు వేశాం. ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి చూసి కాయితం ఇచ్చాడు. సాపు చేసిన మడ్‌గార్డు వైపు ఆయన కన్నెత్తి చూడలేదు, నేను పనిగట్టుకుని గమనించాను.

కిరాయి కూడా దొరికింది. తాడేపల్లిగూడెం బెల్లం వర్తకుడు వేంకటాచలంగారు ఏలూరుకి బెల్లం దిమ్మలు చేరవేయమన్నారు. మొదటి లోడు బాగా చేరిస్తే ఏడాది పొడుగునా మీకే ఇస్తానన్నారు. నేను మౌనం మానేసి, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను. ఆయన కళ్ళు వెలిగాయి.

ఆ రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. దారిలో గాలికి పైన కప్పిన టార్పాలిన్ తాళ్ళు తెగి, చింపిరి గుడ్డలా ఎగిరిపోయింది. మరే లారీ అయినా పైన పడ్డ వాన చెక్కల సందుల్లోంచి కారిపోయేది, బెల్లం పైపైన తడిసి ఊరుకునేది. మా లారీలో ఒక్క చుక్క కారలేదు. ఏలూరు కొట్టు ముందు ఆపి చూసేసరికి దిమ్మలు లేవు. పెట్టె నిండా పానకం. బజారు పిల్లలు గ్లాసులు పట్టుకొచ్చారట. వేంకటాచలంగారు పెద్దమనిషి గనక తిట్టలేదు. "ఇంక మన బేరం వద్దులే బాబూ" అని మాత్రం అన్నారు.

మా ఆయన ఇంటికొచ్చి జరిగింది చెబుతుంటే నాన్న అక్కడే ఉన్నాడు. తరవాత లేచి, సంచిలోంచి బరమా తీసుకుని లారీ దగ్గరికి నడిచాడు. తన పలకలకి తన చేత్తోనే చిల్లులు పొడవడానికి.

"నీళ్ళు పోవాలన్న ఆలోచనే రాలేదమ్మా నాకు" అన్నాడు నా వైపు చూడకుండా. "అన్నేళ్ళూ నీళ్ళు ఆపడమే పని."

మా ఆయన వెళ్ళి ఆ బరమా మీద చెయ్యి వేశారు. "వద్దండీ మావయ్యగారూ. ఇంక అవసరం లేదు" అన్నారు మెత్తగా.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆ మెత్తదనం చూశాక నాకు అర్థమైపోయింది. ఆ సాయంత్రమే అటక మీది రేకుపెట్టె దించుకున్నారు. జోగారావు మేస్త్రీ ఫలానా రోజు మధ్యాహ్నం బండికి ఏలూరు స్టేషనులో ఉంటాడని కబురొచ్చింది.

ఆ రోజు పొద్దున్నే అమ్మా నాన్నా అల్లుణ్ణి సాగనంపడానికి పడవలో వచ్చారు. తొలకరికి చేపలు ఎదురెక్కే రోజులు. పడవ అడుగంతా కొరమీను. బుట్టలు చాలక అమ్మ గోనెల్లో కూడా వేసుకొచ్చింది. లారీని ఏలూరులో పాత ఇనుము కొట్టువాడికి అప్పగించి స్టేషనుకి వెళ్ళాలని మా ఆయన అనుకున్నారు. పెట్టెలో వాననీళ్ళు సగానికి నిలిచి ఉన్నాయి. ఆయన చెంబు తీసుకుని తోడబోతుంటే అమ్మ ఆపింది.

"ఉండండి అల్లుడుగారూ. ఎలాగూ ఏలూరే వెళుతున్నారు. ఆ నీళ్ళలో చేపలు పోసేస్తాను, బుట్టలు మోసే బాధ తప్పుతుంది" అంది. మా అమ్మకి కొడుకు పోయినా, అల్లుడు పోతున్నా చేపల సంగతి చేపలదే. అలా ఉండబట్టే ఇల్లు నిలబడింది.

పోశాక తెలిసింది, కొరమీను ఊరుకునే చేప కాదని. బయటికి ఎగరడం మొదలుపెట్టాయి. పైన వల పరిచి, నేను పెట్టెలోకి ఎక్కి నీళ్ళలో గొంతుక్కూర్చుని వల అంచులు పట్టుకున్నాను. అమ్మ ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది. నాన్న రానన్నాడు. పడవలోనే అటు తిరిగి కూర్చున్నాడు.

అంతకంటే దిక్కుమాలిన ప్రయాణం నేను చెయ్యలేదు. మొగుణ్ణి సాగనంపడానికి పోతూ మోకాళ్ళ దాకా నీళ్ళలో, ఒళ్ళంతా నీచు కంపుతో. ఏడుపు వస్తోంది, తుడుచుకుందామంటే రెండు చేతులూ వలకే చాలడం లేదు. ఊరు దాటాం, తాటితోపు దాటాం. మూడో మైలురాయి మలుపు వచ్చింది. గతుకులో బండి ఎగిరిపడింది. నీళ్ళు ఒక్కసారి ఇటు పొర్లాయి. మోచేయంత కొరమీను వల కింద నుంచి దూసుకొచ్చి, ముందు సీటు వెనక ఉన్న కిటికీలోంచి వెళ్ళి మా అమ్మ కొప్పుకి తగిలి, మెడ వెనక రవికెలోకి జారింది. అమ్మ "ప్రభువా!" అని కేక పెట్టి సీటు మీద నిలువునా లేచింది.

నాకు నవ్వొచ్చింది. ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు, నెలల తరబడి లేని నవ్వు. వల వదిలేసి పొట్ట పట్టుకుని, పెళ్ళినాడు నవ్వినట్టే నవ్వాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు.

లారీ తిన్నగా వెళ్ళి మైలురాయిని గుద్దింది.

అందరం కిందికి దిగాం. అమ్మ చేపని పట్టుకుని తిరిగి నీళ్ళలో వేసింది. మా ఆయన ముందుకెళ్ళి ఎడమ మడ్‌గార్డు చూశారు. సరిగ్గా పాతచోటే సొట్ట పడింది, మునుపటికంటే కాస్త లోతుగా. రేకు టైరుకి ఆనుకుంది. ఆయన దాన్ని రెండు చేతులతో పైకి లాగి టైరు వదిలించారు. అంతలో పొలాల అవతల ఏలూరు వైపు నుంచి రైలు కూత వినబడింది. మేస్త్రీ ఎక్కాల్సిన బండి స్టేషనులోకి వస్తోంది.

"అది ఇంజనుకి నీళ్ళు పట్టేదాకా చాలాసేపు ఆగుతుంది. వెళ్ళాలంటే పొలాలకడ్డంగా పరిగెత్తండి, అందుతుంది" అన్నాను. అనకుండా ఉంటే తరవాత ఎప్పుడో నువ్వే ఆపావు అంటారని. అనేసి, జారిన వల అంచు మళ్ళీ అందుకున్నాను.

ఆయన కదల్లేదు. సొట్ట మీద చెయ్యి వేసి ఉన్నారు. తరవాత ఆ చెయ్యి తీసి, పెట్టె అంచు పట్టుకుని లోపలికి చూశారు. నీళ్ళలో కొరమీను నల్లగా కిటకిటలాడుతోంది.

"అత్తయ్యగారూ, మీ బుట్టల్లో చేప ఏలూరు చేరేసరికి ఎలా ఉంటుందండీ?"

"ఏముంటుంది బాబూ, కళ్ళు తేలేసి ఉంటుంది. అందుకే ఏరుకుని ఏరుకుని గీచి గీచి బేరమాడతారు."

"బతికున్న కొరమీను ఏలూరు బజారులో ఎప్పుడైనా చూశారా?"

అమ్మ అడ్డంగా తల ఊపింది. రైలు మళ్ళీ కూసింది. ఆయన అటు తల తిప్పలేదు. నా వైపు తిరిగారు, తడిసి ముద్దై వల పట్టుకు నిలబడ్డ నా వైపు.

"ఎక్కు సారా. చేపలు చచ్చిపోతాయి" అన్నారు.

రేకుపెట్టె ఆయన సీటు కింద ఉందని ఆ సాయంత్రం దాకా ఎవరికీ గుర్తు రాలేదు. బజారులో జనం ఎగబడ్డారు. జబ్బుపడి లేచినవాళ్ళకి కొరమీను పులుసు పెట్టేవాళ్ళు, కళ్ళముందు ఎగిరే చేపని చూసి ఇంక బేరం ఆడలేదు. మర్నాటినుంచి కొల్లేటికోట పడవలన్నీ మా లారీ కోసం ఒడ్డున కాచుకున్నాయి. తరవాత తాడేపల్లిగూడెం దాకా కూడా వెళ్ళాం. వేంకటాచలంగారు ఎదురైనప్పుడల్లా "మీ చేపలు తీపిగా ఉంటాయటగా" అని నవ్వేవారు. ఇక మా నాన్న సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరడిగినా, "చేపల కోసమేనండీ, ముందే ఆలోచించి కట్టాను" అనేవాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం గానీ కాదనేవాళ్ళం కాదు.

వీర్రాజు రెండుమూడుసార్లు సొట్ట సాపు చేస్తానన్నాడు. ఉచితంగానే. మా ఆయన ప్రతిసారీ, "మా ఆవిణ్ణడగండి" అని తప్పుకునేవారు.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క లారీ మూలపడింది. ఇంజనుకి కూడా వయసైపోయింది. చివరికి పాత ఇనుము కొట్టుకే ఇచ్చేయక తప్పలేదు. అప్పగించడానికి మా ఆయన ఒక్కరే వెళ్ళారు, నేను చూడలేనన్నాను. సాయంత్రం చీకటి పడకముందే నడిచొచ్చారు, భుజం మీద ఎడమ మడ్‌గార్డు మోసుకుంటూ. అంత దూరం. చొక్కా భుజం మీద తుప్పు మరక.

గుమ్మంలో నా కాళ్ళ దగ్గర దించి, "ఇది నీదే, సారా" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ప్రతి వేసవీ దానికి కిరసనాయిలు పూసి తుప్పు రుద్దుతాను. మిగతాదంతా కొబ్బరిపీచుతో రుద్దుతాను గానీ, ఆ సొట్ట మాత్రం చేత్తోనే తుడుస్తాను.